ప్రాగ్ వాకింగ్ టూర్: ఆరొందల ఏళ్ళ చిక్కుముడి ఎక్కడ పడుతుంది, ఎలా విప్పుకోవాలి

జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలు రెండ్రోజులు సెలవు దొరికితే చాలు చెక్ రాజధాని ప్రాగ్‌కి బస్సు ఎక్కేస్తారు. టికెట్ చవక, బీర్ ఇంకా చవక, డ్రెస్డెన్ నుంచైతే రెండు గంటల ప్రయాణం. వెళ్ళిన వాళ్ళలో చాలామంది ఓల్డ్ టౌన్‌లో పొద్దున్నే గొడుగు పట్టుకుని నిలబడే గైడ్ వెనకాల ఒక రెండున్నర గంటలు నడుస్తారు. తిరిగొచ్చాక ఎలా ఉందని అడిగితే మాత్రం అందరి దగ్గరా ఇంచుమించు ఒకటే జవాబు, "గైడ్ సూపర్‌గా చెప్పాడు, కానీ ఎవరు ఎవర్ని ఎందుకు చంపారో, ఏది ముందో ఏది వెనకో ఏం గుర్తులేదు" అని.

ఇందులో వినేవాళ్ళ తప్పు ఏం లేదు. చరిత్ర మామూలుగా సంవత్సరాల వరసలో నడుస్తుంది, వాకింగ్ టూరేమో వీధుల వరసలో నడుస్తుంది, చిక్కంతా అక్కడే. గైడ్ మిమ్మల్ని ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో నిలబెట్టి ఎడం పక్కకి చూపించి 1410 అంటాడు, కాళ్ళ కింద చూపించి 1621 అంటాడు, ఎదురుగా 1915, వెనక్కి తిరిగితే 1948, పక్కన ఖాళీ పచ్చిక చూపించి 1945. ఇరవై నిమిషాల్లో ఇన్ని వస్తే బుర్ర ఒక పాయింట్ తర్వాత వినడం మానేసి ఫోటోలు తీసుకుంటుంది. అందుకని వెళ్ళేముందు కొన్ని దారాలు విడిగా పట్టుకుని వెళ్తే, గైడ్ ఏ మూల నిలబెట్టి ఏం చెప్పినా అది ఏ దారానికి చెందిన పూసో మీకే తెలిసిపోతుంది.

మొదటిది మతం దారం. ఇది పట్టుకుంటే స్క్వేర్‌లో సగం విడిపోతుంది.

యాన్ హుస్ అని ప్రాగ్‌లో ఒక ప్రీచర్ ఉండేవాడు, యూనివర్సిటీ ఆయన, బెత్లెహెం చాపెల్‌లో లాటిన్‌లో కాకుండా జనం మాట్లాడే చెక్ భాషలోనే ఉపన్యాసాలు ఇచ్చేవాడు, చర్చి డబ్బు తీసుకుని పాపాలకి మాఫీ పత్రాలు అమ్మడం తప్పని గట్టిగా చెప్పాడు. ఆయన్ని జర్మనీలోని కాన్‌స్టాన్స్ ఊళ్ళో జరుగుతున్న చర్చి పెద్దల సభకి పిలిచారు, ప్రాణానికి ఏం ప్రమాదం ఉండదని సిగిస్మండ్ రాజు అభయపత్రం కూడా ఇచ్చాడు, అయినా అక్కడే 1415 జులై 6న సజీవంగా కాల్చేశారు. కేథలిక్ చర్చిని ఎదిరించి ప్రొటెస్టెంట్ మతానికి దారి వేసిన మార్టిన్ లూథర్ రావడానికి ఇంకా వందేళ్ళు ఉంది అప్పటికి. హుస్ చావుతో బొహీమియా (ప్రాగ్ రాజధానిగా ఉన్న చెక్ రాజ్యం) మొత్తం మండిపోయి 1419 నుంచి 1434 వరకూ యుద్ధాలు జరిగాయి. ఆయన అనుచరుల గుర్తు పానపాత్ర, ఎందుకంటే చర్చిలో ద్రాక్షారసం ఫాదర్‌కి మాత్రమే కాదు మామూలు జనానికి కూడా ఇవ్వాలన్నది వాళ్ళ ముఖ్యమైన డిమాండ్.

ఇప్పుడు స్క్వేర్‌లో నిలబడి టీన్ చర్చి రెండు గోపురాల మధ్యలోకి తలెత్తి చూడండి. బంగారు కాంతితో మెరుస్తూ మేరీమాత విగ్రహం కనిపిస్తుంది. ఒకప్పుడు అక్కడ హుస్ పక్షం రాజు పొడెబ్రాడీ జిరీ విగ్రహం, ఒక పెద్ద బంగారు పానపాత్ర ఉండేవి, ఈ చర్చి వాళ్ళకి ముఖ్య కేంద్రం మరి. కేథలిక్ పక్షం గెలిచాక రాజుని దింపేసి మేరీమాతని పెట్టారు, ఆ పానపాత్రని కరిగించి ఆవిడ తల చుట్టూ ఉండే కాంతివలయం చేశారు. అదే బంగారం, ఓడినవాళ్ళ గుర్తులోంచి గెలిచినవాళ్ళ గుర్తులోకి మారింది. గైడ్లు దీన్ని చాలాసార్లు వదిలేస్తారు, ఎందుకంటే కింద నుంచి చూస్తే చిన్నగా ఉంటుంది, టైం ఉండదు. నన్నడిగితే మొత్తం స్క్వేర్‌లో ఒక్కటే చూసే టైం ఉంటే అదే చూడమంటాను.

ఆ పక్షం ఎప్పుడు గెలిచిందంటే 1620 నవంబర్ 8న, ప్రాగ్ బయట వైట్ మౌంటెన్ అనే చిన్న గుట్ట మీద జరిగిన యుద్ధంలో. రెండేళ్ళ ముందు, 1618 మేలో, ప్రొటెస్టెంట్ ప్రభువులు కొంతమంది ప్రాగ్ కోటలో ఆస్ట్రియా హాప్స్‌బర్గ్ వంశపు కేథలిక్ చక్రవర్తి అధికారుల్ని కిటికీలోంచి బయటికి తోసేశారు (వాళ్ళు బతికి బయటపడ్డారు), దాంతో మొదలైన తిరుగుబాటు ఆ గుట్ట మీద గంటా రెండు గంటల్లో అణిగిపోయింది. మరుసటి ఏడు 1621 జూన్ 21న ఇదే స్క్వేర్‌లో ఆ తిరుగుబాటు చేసినవాళ్ళలో 27 మందిని చంపారు. ఓల్డ్ టౌన్ హాల్ గోడ పక్కన నేల మీద తెల్లరాయితో పొదిగిన 27 శిలువలు కనిపిస్తాయి, అవి వాళ్ళవే. జనం తెలియక వాటి మీదే నిలబడి గడియారం వీడియో తీస్తుంటారు.

ఆ 27 మందిలో యాన్ యెస్సెనియస్ అని డాక్టర్ ఒకాయన ఉన్నాడు, చార్లెస్ యూనివర్సిటీ రెక్టర్, 1600లో ప్రాగ్‌లో అందరి ముందూ శవపరీక్ష చేసి చూపించిన మనిషి. ఆయన మాటకారి, తిరుగుబాటు తరఫున రాయబారం నడిపాడు కాబట్టి ముందు నాలుక కోశారు, తర్వాత తల. పన్నెండు తలల్ని ఇనప బుట్టల్లో పెట్టి చార్లెస్ బ్రిడ్జి పక్కనున్న టవర్‌కి వేలాడదీశారు, పదేళ్ళు అలాగే ఉంచారు. ఇక్కడ ఒక జాగ్రత్త. ఇదంతా "చెక్ వాళ్ళని జర్మన్లు చంపారు" అని ఒక్క ముక్కలో చెప్పేసే గైడ్లు ఉంటారు. చనిపోయిన వాళ్ళలో జర్మన్ మాట్లాడేవాళ్ళున్నారు, ఒక కేథలిక్ కూడా ఉన్నాడు. అది రాజ్యాధికారం, మతస్వేచ్ఛల గొడవ, భాషల గొడవగా దాన్ని చదవడం 19వ శతాబ్దంలో మొదలైంది.

అదే స్క్వేర్ మధ్యలో మేరీమాత స్తంభం చూస్తారు. 1648లో స్వీడన్ సైన్యం ప్రాగ్ మీద పడి ఓల్డ్ టౌన్‌ని పట్టలేకపోయింది, అందుకు కృతజ్ఞతగా 1650లో నిలబెట్టారు. కానీ జనం మనసులో అది వైట్ మౌంటెన్ ఓటమికి, హాప్స్‌బర్గ్ పెత్తనానికి గుర్తుగా పడిపోయింది, అందుకే 1918 అక్టోబర్ 28న చెకొస్లొవేకియా స్వతంత్రం అని ప్రకటించగానే వారం తిరక్కుండా, నవంబర్ 3న, తాళ్ళు కట్టి లాగి పడేశారు. నూట రెండేళ్ళ తర్వాత 2020లో దాని కాపీని మళ్ళీ అదే చోట నిలబెట్టారు, అప్పుడూ ఊళ్ళో బోలెడు వాదన జరిగింది. పక్కనే ఉన్న హుస్ స్మారకం 1915లో వచ్చింది, ఆయన చనిపోయి ఐదొందల ఏళ్ళయిన సందర్భంగా. అప్పటికి ఇంకా ఆస్ట్రియా పాలనే, ఆవిష్కరణ సభ జరగనివ్వలేదు, జనం వచ్చి పువ్వులతో కప్పేశారు. అంటే హుస్, మేరీమాత ఇప్పుడు ఒకే స్క్వేర్‌లో ఎదురెదురుగా ఉన్నారు, ఇద్దర్నీ కలిపి చూస్తేనే ఆ ఊరు ఇన్నాళ్ళు దేని గురించి కొట్టుకుందో అర్థమవుతుంది.

ఇక గడియారం. ప్రతి గంటకీ దాని కింద వందల మంది పోగవుతారు, అస్థిపంజరం బొమ్మ తాడు లాగి గంట కొడుతుంది, పైన రెండు కిటికీల్లో పన్నెండు మంది అపొస్తలులు తిరిగి వెళ్తారు, చివర్లో కోడి కూస్తుంది, నిమిషం లోపు అయిపోతుంది, "ఇంతేనా" అని వెళ్ళిపోతారు. (ఆ నిమిషంలో అందరి తలలూ పైకే ఉంటాయి, జేబుదొంగలకి అదే కావాలి, బ్యాగు ముందుకి వేసుకోండి.) నిజానికి ఆ బొమ్మల ఆట తర్వాతి కాలం అలంకారం. అసలు సరుకు పెద్ద నీలం డయల్, అది 1410 నాటిది, పంచాంగం చూసే ఇంట్లో పెరిగిన తెలుగువాళ్ళకి యూరప్ టూరిస్టుల కంటే అది తొందరగా అర్థమవుతుందని నా నమ్మకం.

ఎలాగంటే, మనకి రాహుకాలం ఎలా లెక్కేస్తారు? సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న పగటిని ఎనిమిది భాగాలు చేస్తారు, అందుకే ఎండాకాలం ఆ భాగం పొడుగు, చలికాలం పొట్టి. ఈ డయల్ మీద వంపు తిరిగిన బంగారు గీతలు సరిగ్గా అదే పని చేస్తాయి, కాకపోతే పగటిని పన్నెండు చేస్తాయి. ప్రాగ్‌లో జూన్‌లో పగలు పదహారు గంటల పైమాటే, డిసెంబర్‌లో ఎనిమిది గంటలే, కాబట్టి ఆ "గంట" ఎండాకాలంలో మన ఎనభై నిమిషాలు, చలికాలంలో నలభై నిమిషాలు. బయట అంచున ఇంకో చక్రం ఉంది, పాతకాలం అంకెలతో 1 నుంచి 24 వరకూ, అది పాత చెక్ టైం. అందులో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, కాబట్టి బంగారు చెయ్యి చూపించే అంకెని 24లోంచి తీసేస్తే చీకటి పడటానికి ఇంకా ఎంతసేపుందో వచ్చేస్తుంది. దీపాల ఖర్చు భరించలేని కాలంలో, పొద్దుగూకితే కోట తలుపులు మూసేసే కాలంలో మనిషికి కావాల్సిన టైం అదే కదా. లోపల మామూలు రోమన్ అంకెలు ఇప్పటి టైం. వీటికి తోడు రాశిచక్రం ఉంగరం, దాని మీద సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడు, సగం నలుపు సగం వెండి రంగు గోళంతో చంద్రుడు ఏ కళలో ఉన్నాడు, నక్షత్ర సమయం చూపించే చిన్న నక్షత్రం. మధ్యలో భూమి. మన పంచాంగం నిరయనం, అక్కడిది సాయనం, అందుకని రాశుల తేదీల్లో మాత్రం ఇరవై రోజుల పైన తేడా వస్తుంది, మిగతా ఆలోచనంతా చాలా దగ్గర.

దీని గురించి గైడ్ చెప్పే కథ మాత్రం వేరేలా ఉంటుంది. హనుష్ అనే పనివాడు దీన్ని చేశాడు, ఇలాంటిది ఇంకో ఊరికి చెయ్యకూడదని కౌన్సిల్ పెద్దలు అతని కళ్ళు పొడిపించారు, అతను చచ్చేముందు యంత్రంలో చెయ్యి పెట్టి పాడుచేశాడు అని. వినడానికి భలే ఉంటుంది. కానీ 1410 నాటి కాగితం ఒకటి దొరికింది, దాని ప్రకారం చేసినవాడు కడాన్ ఊరి మికులాష్ అనే గడియారాల పనివాడు, ఖగోళ లెక్కలు వేసింది యూనివర్సిటీ పండితుడు యాన్ షిండెల్ అని చెప్తారు. హనుష్ ఎనభై ఏళ్ళ తర్వాత దాన్ని బాగుచేసినవాడు. కళ్ళు పొడవడం కట్టుకథే.

ఇలాంటి కథలు ఎందుకు గెలుస్తాయో తెలియాలంటే టూర్ వెనకాల డబ్బు లెక్క తెలియాలి. "ఫ్రీ" అని రాసి ఉండే టూర్లలో టికెట్ ఉండదు, చివర్లో మీ ఇష్టమొచ్చినంత ఇవ్వాలి, గైడ్‌కి అదే జీతం. అంతటితో అయిపోలేదు, చాలా కంపెనీల్లో గైడే తను తీసుకెళ్ళిన మనిషికి ఇంత అని తలకి లెక్కేసి కంపెనీకి కట్టాలి, బుకింగులు తెచ్చిపెట్టినందుకు. మొదట్లో "అందరూ ఇటు చూడండి, గ్రూప్ ఫోటో" అంటారే, చాలాచోట్ల అది తలలు లెక్కపెట్టుకోడానికి. ముప్ఫై మంది వచ్చి పది మంది మధ్యలో జారిపోతే, వాళ్ళ తరఫున కట్టాల్సింది గైడ్ జేబులోంచే పోతుంది. కాబట్టి మధ్యలో వెళ్ళిపోవాల్సొస్తే ఎంతో కొంత చేతిలో పెట్టి వెళ్ళండి, అది మర్యాద కాదు, అతని కూలి. ఇలాంటి ఏర్పాటులో నిలబడి వినేవాళ్ళని కదలకుండా ఉంచే కథే బతుకుతుంది, కళ్ళు పొడిచిన కథకి వచ్చే టిప్ ముందు షిండెల్ లెక్కలకి ఏం వస్తుంది చెప్పండి. ఇంకోటి, ఈ టూర్లు టికెట్ ఉన్న చోటికి లోపలికి వెళ్ళవు. అన్నీ బయట నుంచే. దీనివల్ల ఏం పోతుందో యోసెఫోవ్‌లో తెలుస్తుంది.

యోసెఫోవ్ అంటే పాత యూదుల వాడ. అక్కడికి రాగానే గోలెమ్ కథ మొదలవుతుంది, రబ్బీ (యూదుల మతగురువు) లోవ్ మట్టితో బొమ్మ చేసి ప్రాణం పోశాడని. లోవ్ నిజంగా ఉన్న పండితుడు, 1609లో చనిపోయాడు, సమాధి అక్కడే ఉంది. గోలెమ్‌ని ఆయనకి కలిపిన రాతలు మాత్రం 19వ శతాబ్దంలోవి, ఆయన పోయిన రెండొందల ఏళ్ళకి. చుట్టూ చూస్తే ఖరీదైన షాపులు, అందమైన పెద్ద బిల్డింగులు, ఇది పాత వాడలా లేదే అనిపిస్తుంది, నిజమే, 1893లో చట్టం చేసి ఆ ఇరుకు ఇళ్ళన్నీ కూలగొట్టి కొత్త వీధులు వేశారు, మిగిలినవి కొన్ని సినగాగ్‌లు (యూదుల ప్రార్థనా మందిరాలు), టౌన్ హాల్, స్మశానం. ఆ స్మశానంలో 1439 నుంచి 1787 వరకూ పూడ్చారు, చోటు చాలక మట్టి పోసి ఒకళ్ళ మీద ఒకళ్ళని, అందుకే పన్నెండు వేల రాళ్ళు అలా ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయి ఉంటాయి.

దాన్ని ఆనుకుని పింకాస్ సినగాగ్. లోపల గోడల నిండా పేర్లు, చేత్తో రాసినవి, నాజీలు చంపిన బొహీమియా, దాని పక్కనున్న మొరావియా యూదులవి, దాదాపు ఎనభై వేల మంది. ఇంటిపేరు ఎరుపు, తర్వాత పేరు, పుట్టిన తేదీ, ఆఖరిసారి బతికున్నట్టు తెలిసిన తేదీ, ఒక కుటుంబం పక్కన ఇంకో కుటుంబం, ఊరి వారీగా. ఈ పేర్లు మొదటిసారి 1950ల్లో రాశారు. 1968 తర్వాత కమ్యూనిస్ట్ ప్రభుత్వం తేమ పట్టింది అని మూసేసింది, రిపేరు పేరుతో గోడల మీద పేర్లన్నీ పోయాయి, 1989 తర్వాత 1990ల్లో మళ్ళీ మొదటి నుంచీ అన్నీ రాశారు. బయట నిలబడి గోలెమ్ కథ విని వెళ్ళిపోతే ఇది చూడరు. టూర్ అయిపోయాక మధ్యాహ్నం టికెట్ కొనుక్కుని సొంతంగా వెనక్కి రండి, శనివారం మాత్రం మూసి ఉంటుంది, యూదుల విశ్రాంతి దినం సబ్బత్ కాబట్టి. వీకెండ్ ట్రిప్ వాళ్ళు ఆదివారానికి పెట్టుకోవాలి.

రెండో దారం భాష. టూర్లలో ఇది ఎప్పుడూ పక్కకి పోతుంది, అసలు ఊరి గుండె ఇదే అని నేనంటాను. ప్రాగ్ కొన్ని వందల ఏళ్ళు మూడు సమాజాల ఊరు, చెక్కులు, జర్మన్లు, యూదులు. స్క్వేర్‌లో గులాబీ తెలుపు రంగుల కిన్స్కీ ప్యాలెస్ చూడండి. రచయిత కాఫ్కా చదివిన జర్మన్ హైస్కూల్ అందులోనే ఉండేది, కొన్నాళ్ళు వాళ్ళ నాన్న షాపు కూడా అందులోనే. యూదుల కుటుంబం, చెక్ ఊరు, రాసింది జర్మన్‌లో. ఆ ముగ్గుర్లో యూదుల్ని నాజీలు చంపేశారు. 1945 తర్వాత జర్మన్లని దేశం నుంచి పంపించేశారు, మొత్తం చెకొస్లొవేకియా నుంచి ముప్ఫై లక్షల మంది దాకా. మూడు సమాజాల ఊరు పదేళ్ళ లోపు ఒక సమాజం ఊరైపోయింది. గైడ్‌ని ఒక్క ప్రశ్నే అడిగే అవకాశం ఉంటే "ఇక్కడి జర్మన్లు ఏమయ్యారు" అని అడగండి. జవాబు చెప్పే తీరుని బట్టి మీ గైడ్ ఎలాంటివాడో కూడా తెలిసిపోతుంది.

మూడోది 20వ శతాబ్దం, రాజ్యాలు మారిన దారం. 1910లో ప్రాగ్‌లో పుట్టి ఇల్లు కదలకుండా 1995 దాకా బతికిన మనిషి ఉంటే, ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం, 1918 రిపబ్లిక్, 1939 మార్చి నుంచి హిట్లర్ పాలన, 1948 ఫిబ్రవరి నుంచి కమ్యూనిస్టులు, 1989లో మళ్ళీ ప్రజాస్వామ్యం, 1993 జనవరి 1 నుంచి స్లొవేకియా విడిపోయిన చెక్ రిపబ్లిక్, ఇన్ని చూసుంటాడు. ఇదే కిన్స్కీ ప్యాలెస్ బాల్కనీ మీంచి 1948 ఫిబ్రవరి 21న కమ్యూనిస్టుల నాయకుడు గోట్వాల్డ్ మాట్లాడాడు, నాలుగు రోజుల్లో అధికారం వాళ్ళ చేతికొచ్చింది. టౌన్ హాల్ పక్కన చెట్లున్న ఖాళీ స్థలం పార్కు కాదు, అక్కడ టౌన్ హాల్ ఇంకో విభాగం ఉండేది, యుద్ధం ముగియబోతుండగా 1945 మే 8న తగలబడిపోయింది. మళ్ళీ కట్టాలని పోటీలు పెట్టారు, పెట్టారు, ఏదీ తేల్లేదు.

అక్కడి నుంచి వెన్సెస్లాస్ స్క్వేర్‌కి నడిచి, పైన నేషనల్ మ్యూజియం ముందు నేల వైపు చూడాలి. రాళ్ళు ఉబ్బినట్టుంటాయి, వాటి మధ్య కరిగిపోయినట్టున్న కంచు శిలువ ఒకటి పడుకుని ఉంటుంది. 1968 ఆగస్టులో ఇక్కడి సంస్కరణల్ని అణచడానికి సోవియట్ ట్యాంకులు వచ్చాయి, కొన్ని నెలలకి జనం నెమ్మదిగా లొంగిపోవడం మొదలెట్టారు, అది తట్టుకోలేక యాన్ పలాఖ్ అనే ఇరవై ఏళ్ళ స్టూడెంట్ 1969 జనవరి 16న అక్కడ నిప్పంటించుకున్నాడు, మూడు రోజులకి చనిపోయాడు. నెల తర్వాత ఇంకో కుర్రాడు, యాన్ జాయిట్స్. ఇరవై ఏళ్ళు గడిచాక 1989 నవంబర్ 17న స్టూడెంట్లు ఊరేగింపు తీశారు, సరిగ్గా యాభై ఏళ్ళ కిందట అదే తేదీన నాజీలు చెక్ యూనివర్సిటీలు మూసేసి తొమ్మిది మందిని కాల్చి చంపినదానికి గుర్తుగా, అనుమతి ఉన్న ఊరేగింపే, నారోద్నీ వీధిలో పోలీసులు కొట్టారు, దాంతో కమ్యూనిస్ట్ పాలన కూలిపోయి, ఆరు వారాల్లో వాళ్ళని ఎదిరించిన రచయిత వాక్లావ్ హావెల్ ప్రెసిడెంట్ అయ్యాడు.

ఇదే వెన్సెస్లాస్ స్క్వేర్ దగ్గర 2020లో పేవ్‌మెంట్ తవ్వుతుంటే చిన్న చిన్న రాతి ముక్కలు బయటపడ్డాయి, పైకి మామూలు ఘనాల్లాగే ఉన్నాయి, తిప్పి చూస్తే నున్నగా పాలిష్ చేసిన వైపు హీబ్రూ అక్షరాలు, తేదీలు. కమ్యూనిస్టుల కాలంలో యూదుల సమాధి రాళ్ళు కోసి రోడ్డుకి వాడేశారు, అక్షరాలున్న వైపు కిందకి పెట్టి. మతం, భాష, రాజ్యం, మూడు దారాలూ ఆ చిన్న రాయిలోనే ఉన్నాయి.

టూర్ చార్లెస్ బ్రిడ్జి దగ్గర ముగిస్తే అక్కడ ఇంకో కథ వింటారు, రాణి ఒప్పుకున్న పాపాలు రాజుకి చెప్పనన్నందుకు నెపొముక్ యాన్ అనే ఫాదర్‌ని నదిలో తోసేశారని, ఆయన విగ్రహం కింద ఫలకం ముట్టుకుంటే మంచిదని. 1393లో ఆయన్ని చంపి నదిలో పడేసింది నిజమే, కానీ కాగితాల్లో ఉన్న కారణం ఒక మఠానికి అధిపతిని పెట్టడంలో రాజుకి, ఆర్చిబిషప్‌కి మధ్య గొడవ. రహస్యం కాపాడిన నాలుక కుళ్ళకుండా మిగిలిందని వందల ఏళ్ళు పూజించారు, 1973లో పరీక్షిస్తే అది మెదడు కణజాలం అని తేలింది. ముట్టుకోండి, ఫలకం మెరుస్తూనే ఉంటుంది, ఏది కథో ఏది కాగితమో గైడ్‌ని అడిగి తెలుసుకోండి. మంచి గైడ్ ఆ ప్రశ్నకి సంతోషిస్తాడు, నడుస్తూ నడుస్తూ టూర్‌లో చెప్పని ఇంకో పది విషయాలు మీకు మాత్రమే చెప్తాడు. టిప్ ఇచ్చేటప్పుడు ఆ పదీ లెక్కలోకి వేసుకోండి, కరెన్సీ అక్కడ యూరో కాదు కోరునా, వీధిలో మార్చేవాళ్ళ దగ్గర కాకుండా బ్యాంకు ఏటీఎంలో ముందే తీసి పెట్టుకోండి.